సంచి కింద డబ్బా

మట్టి లేకుండా టమాటా అంటే సగం చాకిరీ తప్పినట్టేనని చాలామంది అనుకుంటారు. దుక్కి ఉండదు, కలుపు ఉండదు, నిజమే. మట్టి చేసిపెట్టే పని మాత్రం మన నెత్తిన పడుతుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో ప్రభుత్వం పాలీహౌస్‌లకు 75 శాతం రాయితీ ఇచ్చింది. మేడ్చల్, షామీర్‌పేట చుట్టూ చాలా షెడ్లు అలా లేచినవే. ఏళ్ల తరబడి అదే చోట అవే పంటలు వేస్తే నేలలో నులిపురుగులు చేరతాయి. మొక్క పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు. కొబ్బరి పొట్టు సంచుల వైపు మళ్లడానికి ఇదో పెద్ద కారణం.

పొల్లాచ్చి లాంటి చోట్ల నుంచి దిమ్మెలుగా వచ్చే ఆ పొట్టులో సోడియం, పొటాషియం ఉంటాయి. దాన్ని మంచినీళ్లతో కడిగి, కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో నానబెట్టి, మళ్లీ కడగాలి. ఓపిక లేక అలాగే నారు పెడితే మనమిచ్చే కాల్షియాన్ని పొట్టే పట్టేసుకుంటుంది. కాయకు అందక అడుగుభాగం నల్లబడి తోలులా అణిగిపోతుంది.

పొద్దున షెడ్డులోకి వెళ్లగానే ముందు సంచి కింద పెట్టిన డబ్బా చూస్తాను. ఇచ్చిన నీళ్లలో నాలుగో వంతు దాకా అందులోకి దిగాలి. నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే ఈసీ మీటరు ముంచితే, పంపిన నీళ్లు 2.5 ఉండి, దిగిన నీళ్లు 4 చూపించాయనుకోండి. మొక్క నీళ్లు తాగి ఉప్పులు వదిలేస్తోందన్నమాట. అప్పుడు ఎరువు పెంచితే కొంప మునిగినట్టే, నీళ్లు పెంచాలి. పీహెచ్ 5.5, 6.5 మధ్య నిలవాలి.

హాలెండ్‌లో గ్రీన్‌హౌస్ కట్టేది వెచ్చదనం కోసం. అక్కడ తుమ్మెదలను వదిలి పరాగసంపర్కం చేయిస్తారు. మన దగ్గర తీగలను తట్టి పూలను మనమే కదిలిస్తాం. మే నెలలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్లు, తడి ప్యాడ్లు ఎంత తిరిగినా పూత రాలుతుంది. కరెంటు పోయి డ్రిప్పు ఆగితే చేలో మొక్క రెండు రోజులు ఓర్చుకుంటుంది, సంచిలోది మధ్యాహ్నానికే వాడుతుంది.

ఇంతా చేసి మార్కెట్‌కు తీసుకెళ్తే, మదనపల్లె లోడు దిగిన రోజున మన కాయకూ అదే రేటు. ఎలా పండించాలో అడగడానికి షామీర్‌పేట దాటితే ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. షెడ్డు వేద్దామని వచ్చేవాళ్లను నేను రెండే అడుగుతాను: కొనేది ఎవరు? మే నెల మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే షెడ్డు దగ్గర ఉండేది ఎవరు?