చిన్న ఇంటికి ఒక గడియ

పోయిన శుక్రవారం చేవెళ్ల దాటాక ఒక మామిడితోటలో, కంటైనర్‌తో చేసిన ఇంట్లో పగలంతా గడిపాను. ఆ ఇల్లు మా స్నేహితుడి కూతురిదీ అల్లుడిదీ. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వారంలో కొన్ని రోజులు ఆఫీసుకి వెళ్తారు, మిగతా రోజులు ఇక్కణ్ణుంచే పని. ఓడల్లో సరుకు నింపి పంపే 20 అడుగుల ఇనప పెట్టె అది. వెడల్పు 8 అడుగులు. అంటే మొత్తం 160 చదరపుటడుగులు. గోడకి మడిచేసే మంచం, రెండు పొయ్యిలు పట్టే గట్టు, చివర బాత్‌రూం, కిటికీ కింద ఇద్దరికీ కలిపి ఒకటే బల్ల. "ఇల్లంతా ఊడ్చి తుడవడానికి పది నిమిషాలు చాలు అంకుల్" అంది అమ్మాయి. ఊళ్లో మూడు పడకగదుల ఫ్లాట్ కొని, సగం జీవితం అప్పు కట్టడం ఇష్టం లేక, దాచుకున్న డబ్బుతోనే ఇది చేయించుకున్నామని అల్లుడు చెప్పాడు. నా మనసు నిండిపోయింది.

తాళం వేసిన గదుల మీద నాకెంత కోపమో ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. పిల్లలు విదేశాల్లో ఉంటారు. మోకాళ్ల నొప్పులతో తల్లిదండ్రులు కింది గదిలోనే కాలం గడుపుతారు. పైన మూడు గదులకి తాళం, నెలకోసారి దుమ్ము దులపడానికి ఒక మనిషి. ఆ గదుల కోసమే కదా ఆ పెద్దాయన నడివయసంతా ఓవర్‌టైం చేసింది! ఇల్లు పెద్దదయితే కొనే సామానూ పెరుగుతుంది, సామాను పెరిగితే ఇల్లు మళ్లీ చాలదు. చిన్న ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా ముందు దానికి చోటు చూడాలి. చోటు చూడబోతేనే సగం కోరికలు వాటంతటవే తగ్గిపోతాయి. సున్నం వేయించడం ఒక పూట పని. కరెంటు బిల్లు చూసి భయపడక్కర్లేదు. ఇవన్నీ నిజమైన సుఖాలు. ఆ ఇంట్లో వాటిని కళ్లారా చూశాను.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. ఏసీ ఆగిన కాసేపటికే లోపల కూర్చోలేక ముగ్గురం మామిడిచెట్టు కిందికి వచ్చేశాం. గోడల్లోపల వేడి ఆపే పొర వేయించారు. అయినా 8 అడుగుల వెడల్పులో, చేయి చాపితే తగిలే కప్పు కింద, వంట వేడీ మనుషుల ఊపిరీ ఎటు పోతాయి?

ఈ రకం ఇళ్లు పుట్టింది చలిదేశంలో. జే షేఫర్ అనే ఆయన 1999లో అమెరికాలోని అయోవాలో వంద చదరపుటడుగులు కూడా లేని ఇల్లు కట్టుకున్నాడు. ఇల్లు కనీసం ఇంత ఉండాలని అక్కడి నిబంధన. దాన్ని తప్పించుకోవడానికి ఇంటికి చక్రాలు పెట్టాడు. చక్రాలున్నది రోడ్డెక్కాలంటే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, ఎత్తు పదమూడున్నర అడుగులు దాటకూడదు. అందుకే ఆ ఇళ్లన్నీ సన్నగా, నిలువుగా ఉంటాయి. పడుకోవడానికి నిచ్చెన వేసుకుని అటక ఎక్కాలి. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు, అప్పంటే భయపడ్డవాళ్లు అటువైపు చూశారు. 2018 నాటి అక్కడి నమూనా భవన నిబంధనల్లో 400 చదరపుటడుగుల లోపు ఇళ్లకి ఒక అనుబంధమే చేర్చారు. మంచు కురిసే చోట చిన్న గది వరం, ఒక చిన్న పొయ్యి వెలిగిస్తే చాలు వెచ్చబడిపోతుంది. కృష్ణా తీరంలో మే నెలలో అదే గదిలో, అదీ అటక మీద, నిద్ర పడుతుందా? మనకి కావలసింది ఎత్తయిన కప్పు, మందం గోడ, దాని ముందు నీడ.

అక్కడే నా అరుగు వాదం మొదలవుతుంది. ఇంటి కొలత గోడల దగ్గర ఆగదని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. అరుగు, వాకిలి, పెరడు, వీధి చివర వేపచెట్టు, అన్నీ కలిస్తేనే ఇల్లు. శ్రీకాకుళం తీరంలో తుఫాను గాలికి తట్టుకునే చుట్టిల్లు లోపల చూస్తే ఎంత? కానీ వంగి నేల దాకా దిగిన దాని చూరు కింద ఒక సంసారం జరిగేది.

ఈ మాటకి నాకు దొరికిన పెద్ద సాక్షి చండీగఢ్ నగరానికి రూపు గీసిన లె కార్బూజియే. దక్షిణ ఫ్రాన్స్‌లో రోక్‌బ్రూన్ దగ్గర సముద్రపు ఒడ్డున 1952లో ఆయన తన కోసం ఒక చెక్క గది కట్టుకున్నాడు. పొడవూ వెడల్పూ 3.66 మీటర్లు, అంటే 12 అడుగులు. మంచం, బల్ల, అరలు, అన్నీ కొలిచి బిగించినవి. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఆ గదిలో వంటిల్లు లేదు. పక్క గోడ ఆనుకునే ఒక చిన్న భోజనశాల ఉండేది. అందులోకి గదిలోంచే తలుపు. ఆకలేస్తే ఆ తలుపు తీయడమే. ఈత కొట్టాలంటే ఎదురుగా సముద్రం. పన్నెండడుగుల గది ఆయనకి చాలిందంటే బయట అంత ఉంది కాబట్టి.

నేను ఈ పాఠం నేర్చుకుంది మాత్రం మంగళగిరిలో, మా పెద్దమ్మ వాళ్లింట్లో. సెలవులొస్తే మమ్మల్ని అక్కడికే పంపేవారు. వీధిలోకి తెరుచుకునే గదిలో ముప్పాతిక వంతు మగ్గానిదే. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, నేల అంచున కూర్చుని పెదనాన్న నేసేవాడు. నేలకి దగ్గరగా ఉంటే తేమకి నూలు తెగదని చెప్పేవాడు. వానాకాలంలో గుంటలోకి నీళ్లూరేవి. అవి తోడి, ఆరేదాకా పని లేదు, కూలి లేదు. మగ్గం వెనక ఒక సన్నటి గది, దాని వెనక వంటకి ఒక చూరు. పడుకునే మనుషులు మాతో కలిపి ఎనిమిది మంది దాకా.

ఆ ఇంట్లో ఖాళీ గోడ లేదు, ఖాళీ గాలి కూడా లేదు. పెరుగు కుండ ఉట్టి మీద, దీపం గూట్లో, బట్టలు దండెం మీద. ఏడాదికోసారి తీసే ఇత్తడి గిన్నెలు, ఆవకాయ జాడీలు, మా అందరినీ ఊపిన ఉయ్యాల, అన్నీ అటక మీద. తెల్లవారగానే చాపలు చుట్టి మూలన నిలబెట్టేవారు, నులకమంచం ఎత్తి గోడకి ఆనించేవారు. నిన్న రాత్రి పడుకున్న చోటే పొద్దున పీటలు వేసుకుని చద్దన్నం తినేవాళ్లం. మధ్యాహ్నం అక్కడే ఆసు పెట్టుకుని నూలు తోడేవారు. చోటు ఒకటే, పూట మారితే పని మారేది. ఎక్కడి వస్తువు అక్కడ పెట్టకపోతే పూట గడిచేది కాదు. పిల్లలకి క్రమం ఎవరూ నేర్పనక్కర్లేదు, ఆ గదే నేర్పేది.

ఇక మిగతా ఇల్లంతా వీధిలో ఉండేది. తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు సాచి గంజి పెట్టేవారు. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు, అందరూ చెరో వైపు పట్టుకునేవారు. ఒక్క ఇంట్లో పట్టని పని వీధికి పట్టేది. పెళ్లయితే పందిరి వీధిలో. వచ్చిన చుట్టాలకి పక్కలు నాలుగిళ్ల అరుగుల మీద. కొత్తగా పెళ్లయిన జంట ఇంట్లో ఉంటే మిగతావాళ్లందరం ఏమీ తెలియనట్టు చాపలు తీసుకుని అరుగు మీదికి వెళ్లిపోయేవాళ్లం. రాత్రి గాలిగోపురం వైపు చూస్తూ, పెదనాన్న చెప్పే కథలు వింటూ నిద్రపోయిన ఆ అరుగు కంటే పెద్ద పడకగది నేనింతవరకూ చూడలేదు.

ఇదంతా చాలాసార్లు చెప్పిందే. ఈ వారం మాత్రం ఆలోచన అక్కడ ఆగలేదు. మొన్న తోటలో ఉన్నప్పుడు అమ్మాయికి ఆఫీసు మీటింగ్ వచ్చింది. అల్లుడూ అప్పుడే ఫోన్లో ఉన్నాడు. ఆమె ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లి కారులో కూర్చుని తలుపు వేసుకుంది. రోజూ ఇంతేనా అంటే, ఇంతేనంది. అప్పట్నుంచీ నాకు పెద్దమ్మ గుర్తొస్తూనే ఉంది.

అరుగు మీద పెద్దమ్మ కూర్చోగా నేను చూసిన గుర్తు లేదు. అరుగు మగవాళ్లది, ఆ తర్వాత పిల్లలది. ఆవిడ రాట్నం ముందు కండెలు చుట్టేది, లేదంటే చూరు కింద పొగలో ఉండేది. చీకటి ఉండగానే పెరట్లో తాటాకు దడి చాటున స్నానం ముగించేది, వెలుగొస్తే అది కుదరదు. దండెం మీద ఒక చీర అడ్డం వేసుకుని ఆ చాటున ఇంకో చీర కట్టుకునేది. జ్వరమొస్తే మగ్గానికీ గోడకీ మధ్య పడుకునేది. మేం ఆవిణ్ణి దాటుకుంటూ తిరిగేవాళ్లం. ఎక్కడి వస్తువు అక్కడ పెట్టే క్రమం గదే నేర్పేదని ఇందాక రాశాను. చాపలు చుట్టిందీ, మంచం ఎత్తిందీ, రోజుకి నాలుగుసార్లు ఆ గదిని మార్చిందీ ఆవిడ చేతులు. వీధి అంత పెద్ద ఇల్లు మా అందరికీ ఉండేది. ఆవిడకి మాత్రం ఉన్నది మగ్గం వదిలిపెట్టిన జాగా.

పెదనాన్న పోయాక అన్నయ్యలు పాత ఇల్లు తీసి స్లాబు వేశారు. నీకేం కావాలమ్మా అని అడిగితే, గడియ ఉన్న చిన్న గది చాలంది. ఆరడుగులకి ఎనిమిదడుగుల గది కట్టించారు. అందులో ఏమీ పెట్టుకోలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక లోపలికి వెళ్లి గడియ పెట్టుకునేది. ఎందుకు పెద్దమ్మా అని ఒకసారి అడిగాను. "కాసేపు ఎవరికీ కనపడకుండా ఉండాలని ఉంటుందిరా" అంది. అప్పుడు అది వయసు మీద పడ్డ విసుగనుకుని వదిలేశాను. యాభై ఏళ్లు ఆవిడ అడగలేకపోయిన మాట అని ఇప్పుడు అర్థమవుతోంది.

కార్బూజియే గదిని కూడా ఇలా చూడాలి. వంటిల్లు లేని ఇల్లు చిన్నగా ఉండటం కష్టం కాదు, వండిపెట్టేవాళ్లు గోడ అవతల ఉంటే. చిన్న ఇల్లు హాయిగా ఉందని ఎవరైనా అంటే, వాళ్లు రోజులో ఎన్ని గంటలు అందులో ఉంటారో, అక్కడ ఏ పని చేస్తారో తెలుసుకోవాలి. బయటికి వెళ్లగలిగేవాళ్లకి చిన్న ఇల్లు బరువు దించిన సుఖం. పగలంతా లోపలే ఉండేవాళ్లకి అంతే గది ఊపిరాడనివ్వదు.

మన దగ్గర ప్రభుత్వాలు కట్టేవీ చిన్న ఇళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో అపార్ట్‌మెంట్లు 300, 365, 430 చదరపుటడుగుల్లో వచ్చాయి. 2020 డిసెంబరులో అక్కడే పంచిన ఇళ్ల పట్టాలు పట్టణాల్లో సెంటు, అంటే 48 గజాలు. అందులో కట్టుకోమన్నది 340 చదరపుటడుగుల ఇల్లు. తెలంగాణ కట్టించిన రెండు పడకగదుల ఇల్లు 560. ఇలాంటి ఇళ్ల గురించి రాసిన ప్రతిసారీ నేను అడిగింది బయటి జాగానే. అరుగేది, చెట్టేది, మూడో అంతస్తులో నేతగాడు మగ్గం గుంట ఎక్కడ తవ్వుకుంటాడు అని. ఆ ప్రశ్నలు వదులుకోను. వాటికంటే ముందు అడగవలసింది ఇంకోటుంది. కొడుకూ కోడలూ, అత్తగారూ, పదో తరగతి చదివే పిల్లా ఉన్న ఇంట్లో వేసుకోవడానికి ఎన్ని తలుపులున్నాయి? 560లో రెండు పడకగదులు కుదిరినప్పుడు, ముందు గది ఎంత కుదించయినా 340లో రెండో తలుపు తేవచ్చు. ఆరడుగులకి ఎనిమిదంటే 48 చదరపుటడుగులు. పిల్ల చదువుకోవడానికి, కోడలు బట్ట మార్చుకోవడానికి, అత్తగారు మధ్యాహ్నం ఒక గంట ఎవరికీ కనపడకుండా పడుకోవడానికి అది చాలు.

చిన్న ఇంటి మీద నా ఇష్టం తగ్గలేదు. అప్పు లేని ఇల్లు, పది నిమిషాల్లో ఊడ్చుకునే ఇల్లు మంచిదే. కానీ ఇకమీదట ఎవరైనా నక్షా తెచ్చి చూపిస్తే నేను అరుగు కోసం వెతకను. లోపల గడియ ఎక్కడుందో, అది ఎవరి చేతికి అందుతుందో చూస్తాను. అరుగు లేకపోయినా సర్దుకొమ్మని చెప్పగలను. గడియ లేకుండా సర్దుకొమ్మని మాత్రం ఏ ఇల్లాలికీ చెప్పలేను.