వీడియో గేముల సమీక్షలు: కొనువారికి ప్రమాణమగునా?

కాట్పాడిలోని మా యింటికి ఆదివారము మధ్యాహ్నము తప్పక ఒక అర్జీ వచ్చుచుండును. అర్జీదారు కళాశాలలో చదువుచున్న మా మనుమడు. ప్రార్థించునది ఒక వీడియో గేము. దాఖలు చేయు సాక్ష్యము ఎవరో ఇంగ్లీషు సమీక్షకుడు వేసిన మార్కులు: పదింటికి తొమ్మిది, లేదా నూటికి తొంబది. జీవితమంతయు గుమాస్తాగిరీలో గడపిన మేము సాక్ష్యమును విచారింపక బిల్లు పాసు చేయజాలము. క్రొత్త గేము వెల నేడు ఐదువేల రూపాయల వఱకు పోవుచున్నది. పెన్షనుమీద నడచు సంసారమున అది స్వల్పము కాదు. సంఘ సంచికలో ఈ పిల్లలాటల ప్రసంగమేల యని కొందఱు పెద్దలు ముఖము చిట్లింపవచ్చును. వారి యింట మనుమలు ఇంకను ఎదుగలేదని మా తలంపు.

గుడియాత్తములో లుంగీ కొనువాడు అంచును వ్రేళ్ళ నడుమ నలుపును. కొన తడిపి రంగు దిగునేమో చూచును. వీడియో గేమునకు ఆ వీలు చాలవఱకు లేదు. ప్లేస్టేషన్ వారి అంగడిలో గేమును యంత్రములోనికి దింపుకొన మొదలిడినచో, సరకు లోపభూయిష్టమైననే తప్ప, సొమ్ము తిరిగి యీయరు. కనుకనే ముందుగా చూచినవాని మాటకు ఇంత విలువ వచ్చినది.

ఆ మాటను నమ్మి మేమొకసారి నష్టపోయితిమి. పదింటికి తొమ్మిది మార్కుల గేము నొకదానిని కొంటిమి. అంగడి పేరును గేము పేరును ఇచట అనవసరము. అది మా కంప్యూటరులో, జంక్షను వెలుపల అవుటరు సిగ్నలువద్ద నిలిచిన గూడ్సుబండి వలె, కదలక నిలిచిపోయినది. పిల్లవాడు రెండు దినములు అన్నము సరిగా తినలేదు. తరువాత సమీక్షను తిరిగి చదివించి వింటిమి. సమీక్షకుడు అబద్ధమాడలేదు. ఆయన యంత్రము మా యంత్రమునకు నాలుగింతల వెల గలది. ఆ సంగతి చివర చిన్న అక్షరములలో ఉన్నది. టెండరులో చూపు శాంపిలు వేఱు, గోడౌనుకు వచ్చు సరకు వేఱు కావచ్చునని ఎఱిగియుండియు మేము శాంపిలునకు వేసిన మార్కులకే సొమ్ము చెల్లించితిమి.

ఇది మా యొక్కరి అనుభవమే కాదు. పోలండు దేశపు సీడీ ప్రొజెక్ట్ సంస్థ ‘సైబర్‌పంక్ 2077’ అను గేమును 2020 డిసెంబరు 10న విడుదల చేసెను. ముందుగా సమీక్షకులకు పంపినవి కంప్యూటరు ప్రతులు మాత్రమే. తాము ఆడునపుడు తీసిన దృశ్యములను చూపరాదనియు, సంస్థ యిచ్చిన దృశ్యములనే చూపవలెననియు వారికి నియమము విధించిరి. సగటు మార్కులు నూటికి తొంబది ప్రాంతమున నిలిచెను. పాత ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ యంత్రములకై కొన్నవారి పాట్లు వేఱు: బొమ్మలు చెదరుట, ఆట నడుమ నిలిచిపోవుట. వారము గడచుసరికి సోనీ సంస్థ దానిని తన అంగడినుండి తొలగించి సొమ్ము వాపసు చేయుదుమని ప్రకటించెను. 2021 జూనులో గాని అది తిరిగి అంగడికెక్కలేదు. పిమ్మట సంస్థవారు ఎన్నో దిద్దుబాట్లు చేసిరి. 2023లో చేసిన పెద్ద మార్పుల తరువాత తిట్టినవారే మెచ్చుకొనిరి. అనగా 2020 నాటి పొగడ్తయు, ఆ పిమ్మటి తెగడ్తయు నేడు కొనువానికి చాలవు. సమీక్షపై తేదీని చూడక నమ్ముట పాత టైంటేబిలు పట్టుకొని స్టేషనుకు పోవుటయే.

సొమ్ము ప్రసక్తియు కలదు. 2007లో గేమ్‌స్పాట్ పత్రికయందు జెఫ్ గెర్స్ట్‌మన్ అను విమర్శకుడు ‘కేన్ అండ్ లించ్’ అను గేమునకు పదింటికి ఆఱు మార్కులే వేసెను. ఆ పత్రిక నిండ ఆ గేము ప్రకటనలే. ఆయన ఉద్యోగము పోయినది. ప్రకటనదారుల ఒత్తిడివలన యాజమాన్యము తన్ను తొలగించెనని 2012లో ఆయనయే బయటపెట్టెను. మఱియొక వింత: 2010లో వచ్చిన ‘ఫాల్ఔట్: న్యూ వేగస్’ గేమును నిర్మించినవారికి, సగటు మార్కులు 85 వచ్చిననే అదనపు సొమ్మని ఒప్పందము. వచ్చినవి 84. ఒక్క మార్కుతో తప్పిన విద్యార్థి దుఃఖము మెట్రిక్యులేషను వ్రాసిన మాకు తెలియును. కాని ఇతరులు వేయు మార్కులపై పనివాని కూలి ఆధారపడుట మాత్రము మా కార్యాలయమున ఎన్నడును చూడలేదు.

పోనీ, విమర్శకులను విడిచి జనుల మాట విందమా? 2020 జూనులో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగము’ విడుదలైన కొన్ని గంటలలోనే వేలకొలది జనులు సున్న మార్కులు వేసిరి. ఆ కథ ముగియుటకు ఇరువది గంటలైనను పట్టును! పిమ్మట మెటాక్రిటిక్ వారు, విడుదలైన 36 గంటల వఱకు జనులు మార్కులు వేయరాదని కట్టడి చేసిరి. మన దేశమునను 2022లో భారతీయ ప్రమాణముల సంస్థ వినియోగదారుల సమీక్షలకొక ప్రమాణమును వెలువరించినది గాని, అది నాడు తప్పనిసరి కాలేదు.

అయినను సమీక్షలన్నింటిని గంగలో కలుపుడని మేము చెప్పము. మనకు కూతవేటు దూరమున, చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వ విచారము’ వ్రాసిరి. అందు పింగళి సూరనగారి ‘కళాపూర్ణోదయము’నకు పదింటికిన్ని యని మార్కులు వేయలేదు. కథాకల్పనలో గుణమెక్కడ, దోషమెక్కడ, ఏ కారణమున, అని విడదీసి చూపిరి. వారి తీర్పుతో ఏకీభవింపనివానికిని ఆ గ్రంథమువలన ప్రయోజనము కలదు. గేముల సమీక్షయందును వెదకవలసినది అదియే.

అందుచే మేమొక పద్ధతి పెట్టితిమి. మా మనుమడు బడిలో తమిళము, ఇంగ్లీషు చదివినవాడు. ఇంట తెలుగు మాటలాడును గాని చదువలేడు. ఏ గేము కావలెనన్నను, మార్కులు దాచి, సమీక్షలోని విషయమును మాకు తెలుగున చెప్పవలెను. కొన్ని సమీక్షలు తెలుగులోనికి వచ్చుసరికి “చాలా బాగుంది తాతా” అను ఒక్క ముక్కగా మిగిలినవి. వానికి బిల్లు పాసు కాలేదు.

పూణె వారు నిర్మించి 2020లో విడుదల చేసిన ‘రాజీ’ సంగతి వేఱైనది. సమీక్షకుడు దానిని గొప్పగా మెచ్చుకొనలేదు. యుద్ధము బిగువుగా లేదనియు, ఆట త్వరగా ముగియుననియు వ్రాసెను. కాని రాక్షసులెత్తుకొనిపోయిన తమ్మునికై ఒక బాలిక వెదకుట, కథను దుర్గావిష్ణువులు చెప్పుట, నడుమ నడుమ నీడబొమ్మలాటగా నడచుట వివరించెను. ‘నీడబొమ్మ’ యను మాట వానికి తెలియక చేతులతో గోడపై చూపినాడు. తోలుబొమ్మలాటను గూర్చి మేము చెప్పుటకు ఆ సాయంకాలమంతయు పట్టినది. కొంటిమి.

స్టీము అను అంగడిలో, రెండు గంటలకు మించి ఆడక, కొన్న పదునాలుగు దినములలో కోరినచో సొమ్ము వాపసు చేయు నియమము 2015 నుండి కలదు. మేము గడియారము ముందుంచుకొని కూర్చుంటిమి. యుద్ధమును గూర్చి సమీక్షకుడు చెప్పినది నిజమే. దూకుటలోను ఆ పిల్ల పలుమాఱులు తడబడినది. గంటా నలుబది నిమిషములైనంత “వాపసు పంపుదమా?” అని అడిగితిమి. వాడు తల త్రిప్పలేదు.

“ఆ పిల్లకి తమ్ముడు ఇంకా దొరకలేదు తాతా. ఇప్పుడెట్లా వాపసిచ్చేది?”