చూడని కోర్టుపై నమ్మకం: హైకోర్టు, ప్రజామోదం, తెలుగు తీర్పు

ఓడిన కక్షిదారు సైతం తీర్పును అంగీకరించగలిగినప్పుడే న్యాయస్థానానికి ప్రజామోదం ఉన్నట్టు. తెలుగు సమాజంలో హైకోర్టుకు ఆ ఆమోదం ఎక్కడి నుంచి లభిస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రావిశాస్త్రి రచించిన ‘ఆరు సారా కథలు’లో ‘మాయ’ ఒకటి. అందులో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, మూర్తి అనే యువ ప్లీడరుకు లోకం తీరు విప్పి చెబుతుంది. పోలీసులు, ప్లీడర్లు, కోర్టులు అన్నీ డబ్బుతో నడిచేవిగానే ఆమెకు కనిపిస్తాయి. ఆమె అవిశ్వాసానికి మూలం అనుభవం. అయితే ఆ అనుభవం కింది కోర్టుకే పరిమితం. కింది కోర్టులో ఓడినవారు ‘హైకోర్టులో తేల్చుకుంటాను’ అనడం మనం తరచూ వింటాం. ఆ మాటలోని నమ్మకం, చాలావరకు, ఆ కోర్టును చూడకపోవడం వల్ల నిలిచినదే.

ఈ దూరం రెండు విధాలు. మొదటిది స్థలానికి సంబంధించినది: 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టు 1956లో హైదరాబాదుకు తరలింది, 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో వేరుగా హైకోర్టు ఏర్పడింది. రెండవది భాషకు సంబంధించినది. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్ హైకోర్టులలో హిందీ వాడకానికి అనుమతి ఉంది. తెలుగుకు అటువంటి అనుమతి లేదు. కింది కోర్టులో తెలుగులో సాక్ష్యం చెప్పిన వ్యక్తి, ఆ సాక్ష్యాన్ని పైకోర్టు ఎందుకు తోసిపుచ్చిందో తెలుసుకోవాలంటే ప్లీడరు నోటి మాటే ఆధారం.

ఈ నేపథ్యంలో 2023లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి. నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాకల ధర్మాసనం అన్నదమ్ముల ఆస్తి వివాదంలో తెలుగులో వెలువరించిన తీర్పు గమనార్హం. ఓడినవారు తమ ఓటమికి కారణాన్ని స్వయంగా చదువుకోగల అవకాశాన్ని అది కల్పించింది. అయితే భాష మారినంత మాత్రాన దూరం తొలగిపోదు. దావా, వకాల్తా, జప్తు వంటి మాటలు కక్షిదారులకు చిరపరిచితాలు. వాటిని వదిలి కొత్తగా కూర్చిన సంస్కృత సమాసాలతో తీర్పు రాస్తే అది మరో పరాయి భాషే అవుతుంది.

అర్థమయ్యే తీర్పు విమర్శకూ గురవుతుంది. హైకోర్టు పట్ల భయభక్తులు కొంత సడలవచ్చు. అయినా, కారణాలు చదివి, వాటితో వాదించి, చివరకు ఒప్పుకున్న ముత్యాలమ్మ ఇచ్చే ఆమోదమే నిలకడైనది. ఇంతవరకు ఆ ఆమోదాన్ని హైకోర్టు ఆమెను అడగనే లేదు.