పెట్టె అడుగు పట్టుచీర

పాత పట్టుచీరకు ఊళ్లో రెండు ధరలుంటాయి. 'పాత పట్టుచీరలు కొనబడును' అని బోర్డు పెట్టిన దుకాణంలో జరీని గీటురాయి మీద రుద్ది, అందులో వెండి ఎంతో చూసి వెల కడతారు. అక్కణ్ణుంచి చీర కొలిమికి పోతుంది. పట్టు బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. రెండో ధర చీరను చీరగా చూసేవాళ్లు ఇచ్చేది. పాత బట్టల మీద మమకారంతో చిన్న వ్యాపారం పెట్టుకునేవాళ్ల పనంతా కొలిమికి పోబోయే చీరను గుర్తుపట్టి, మళ్లీ ఒక మనిషి ఒంటి మీదికి చేర్చడమే.

సరుకు ఎక్కువగా ఇళ్లలోంచే వస్తుంది. అమ్మమ్మ పోయాక పెట్టె తెరిచిన మనవరాళ్లు, ఇల్లు ఖాళీ చేసి పిల్లల దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు ఇస్తారు. స్టీలు గిన్నెలకు పాత బట్టలు తీసుకునేవాళ్ల మూటల్లోనూ అప్పుడప్పుడు మంచి చీర దొరుకుతుంది. అది ఎవరి పెళ్లిదో, ఎక్కడ కొన్నారో అప్పుడే అడిగి రాసుకోవాలి. ఆ నాలుగు ముక్కలు పోతే మళ్లీ దొరకవు.

అసలు విద్య చీరను చదవడంలో ఉంది. మేలైన జరీలో పట్టుదారానికి సన్నని వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూస్తారు. ఈ పనికి సూరత్ పేరుమోసింది. రాగి తీగకు వెండి పూసినది ఒక రకం, ప్లాస్టిక్ పొరతో చేసినది ఇంకో రకం. వెండి జరీ ఏళ్ల తరబడి గాలి తగిలి నల్లబడుతుంది. నల్లబడిందని నకిలీ అనుకుని పక్కన పడేయడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ కలిసేచోట భూతద్దం పెడితే రెండు రంగుల పేక పోగులు ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరగడం కనిపిస్తుంది. ఇది కుప్పడం నేత. బరువైన అంచు తేలికైన నూలును లాగుతుంది కాబట్టి, కొనేముందు ఆ కలయిక వెంట చీర పొడవునా వేలితో తడుముతూ పోవాలి. పోచంపల్లి చీరకు దారానికే రంగులద్ది నేస్తారు గనుక రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, పువ్వు అంచు కాస్త చెదిరినట్టుంటుంది. ఆ చెదురే దాని అందం. చీరాల, పుట్టపాకల తేలియా రుమాలును ముక్కుతోనే పోల్చుకోవచ్చు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి నానబెట్టి నేసిన బట్ట అది.

పట్టు ముందు మడతల దగ్గర చీలుతుంది. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చీలికలు సన్నటి గీతల్లా కనిపిస్తాయి. ఒకటి రెండు చిరుగులకు రఫూ సరిపోతుంది. ఎండిపోయిన పట్టుకు రఫూ నిలవదు, సూది దిగినచోటే మళ్లీ చీలుతుంది. అలాంటిది కట్టుకోవడానికని అమ్మడం తప్పు. బాగున్నవాటిని ఉతికిన పాత పంచెలో చుట్టి, రెండు మూడు నెలలకోసారి మడత మార్చాలి. కలరా ఉండలు జరీకి తగలకూడదు.

ధర కట్టేటప్పుడు డ్రైక్లీనింగు, రఫూ కూలీ, చీర అమ్ముడుపోక కూర్చున్న నెలలూ లెక్కలోకి రావాలి. మరకకు విడిగా ఒక ఫొటో తీసి చూపించాలి. జీఎస్టీలో రిజిస్టరైన వ్యాపారికి సెకండ్‌హ్యాండ్ సరుకు మీద ఒక వెసులుబాటు ఉంది. కొనుగోలుపై ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకుండా, చీర రూపం మార్చకుండా అమ్మితే లాభం మీదే పన్ను. 3,000 రూపాయలకు కొని 5,000కు అమ్మితే 2,000 మీదే లెక్క.

ఒళ్లు పోయి అంచు గట్టిగా ఉన్న చీరలు కొన్ని మిగులుతాయి. ఆ అంచు విప్పి కొత్త నూలు చీరకు కుట్టవచ్చు, కొంగుతో జాకెట్టో చిన్నపిల్లకు పావడానో కుట్టించవచ్చు. అరుదైన నమూనా అయితే కత్తెర పెట్టేముందు నేతగాడికి చూపించాలి. జానెడు అంచు, కొంగులో ఒక వరుస చెడకుండా ఉంటే, పోగులు లెక్కపెట్టి ఆ నమూనాను అతను గ్రాఫు కాగితం మీదికి ఎత్తుకోగలడు.