నాణెం ఎక్కడ దొరికింది?

జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున కోటిలింగాల అనే ఊరుంది. 1970ల చివరలో అక్కడి నేల మీద దొరికిన నాణేలను ఆ ప్రాంతపు సేకర్తలు ఏరి దాచారు. శాసన పరిశోధకులు డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివితే గోబద, నారన, కంవాయ, సమగోప వంటి రాజుల పేర్లు వెలుగులోకి వచ్చాయి. సిముకుడి పేరున్న నాణేలూ ఆ ఊళ్లోనే దొరికాయి. శాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు చెప్పే సిముకుడు అప్పటిదాకా ఆ పురాణాల్లోను, మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలోను తప్ప పెద్దగా కనిపించేవాడు కాదు. శాతవాహనులు మొదట ఎక్కడివారన్న వాదం ఇంకా తెగలేదు. కానీ అప్పటినుంచి ఆ వాదంలోకి దిగే ఏ పండితుడైనా కోటిలింగాల ఊసెత్తకుండా ముందుకు పోలేడు.

ఆ నాణేల్లో బంగారం లేదు. రాగి, సీసం, ఈ రెండింటికీ తగరం కలిపిన పోటిన్, అంతే. వాటికి ఇంత గౌరవం వచ్చిందంటే కారణం, అవి ఫలానా ఊళ్లో దొరికాయని చెప్పగలిగిన మనుషులు ఉండడం. అవే నాణేలు ఒక సంచిలో పడి, చేతులు మారి, ఏ పెద్ద పట్నం బజారుకో చేరి ఉంటే సిముకుడి పేరైతే చదివేవాళ్లమేమో గానీ, ఆ పేరును గోదావరి ఒడ్డుతో ముడిపెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

ఊళ్లలో నడిచే చిన్న చిన్న నాణేల క్లబ్బుల విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. నెలకో ఆదివారం గ్రంథాలయం హాల్లోనో, బడి గదిలోనో పదిమంది చేరతారు. రిటైరైన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, కిరాణా కొట్టువాళ్లు, కాలేజీ పిల్లలు. కొత్తగా వచ్చిన కుర్రాడు జేబులోంచి ఒక బిళ్ల తీసి, "దీనికెంత వస్తుంది సార్?" అని అడుగుతాడు. పెద్దాయన దాన్ని అంచులు పట్టుకుని వెలుగుకు తిప్పి చూసి, "ధర తర్వాత చూద్దాం. ముందు ఇది నీకెక్కడ దొరికింది బాబూ?" అంటారు. తాతగారి పెట్టెలోనా, పొలం దున్నుతుంటేనా, సంతలో కొన్నదా? ఆ జవాబు ఒక చిన్న అట్టముక్క మీదికి ఎక్కుతుంది. ఊరి పేరు, దొరికిన తేదీ, ఎవరి చేతినుంచి వచ్చింది, లోహం, బరువు, అడ్డుకొలత. అంగడిలో పెద్ద ధర పెట్టి కొన్న వెండి రూపాయికన్నా ఈ అట్టముక్కతో ఉన్న సీసం బిళ్లే మేలని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

క్లబ్బులో కూర్చుని శాతవాహన నాణెం చదవడం ఒక చక్కని పని. ఆ నాణేలు కొట్టిన అచ్చు చాలాసార్లు బిళ్లకన్నా పెద్దది. అచ్చు చుట్టూ బ్రాహ్మీ లిపిలో రాజు పేరంతా చెక్కి ఉంటుంది, బిళ్ల మీద మాత్రం అందులో ఒక ముక్కే పడుతుంది. ఒకరి నాణెం మీద 'సిరి' అని ఉంటుంది. ఇంకొకరి దానిమీద 'పుళు', మరొకరి దానిమీద 'మావిస'. ఒక్కడే కూర్చుని ఒక్క నాణెం చూసుకునేవాడికి అవి విడి అక్షరాలే. నలుగురి నాణేలూ ఒకే బల్ల మీదికి వచ్చి, ఏనుగు తొండం ఎటు తిరిగింది, వెనకవైపు ఉజ్జయినీ గుర్తు ఎలా ఉంది అని పోల్చి, ఒకే అచ్చు నాణేలను పక్కపక్కన పేర్చినప్పుడు 'సిరి పుళుమావిస' అని పూర్తి పేరు తేలుతుంది. శ్రీ పుళుమావిది అని దాని అర్థం. అరిగిపోయిన అక్షరాలకు గది దీపం ఆర్పి, టార్చిని నాణేనికి దాదాపు సమానమైన ఎత్తులో పెట్టి పక్కనుంచి వెలుగు వేస్తారు. పైనుంచి చూస్తే చదునుగా ఉన్నచోట నీడలు పడి గీతలు లేస్తాయి. దాన్ని అలాగే ఫోటో తీస్తారు. బ్రాహ్మీ అక్షరాల పట్టిక ఒకటి చేతిలో ఉంటే, ఓపికున్న పదో తరగతి పిల్ల కూడా కొన్ని వారాల్లో ఈ చదువు పట్టేస్తుంది.

నిజాం నాణేల చదువు ఇంకోలా ఉంటుంది. యంత్రంతో కొట్టిన ఆఖరి ఇద్దరు నిజాంల నాణేల్లో చాలావాటి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. మధ్య కమాను లోపల ఒక అరబ్బీ అక్షరం కనబడుతుంది. అది 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది, దానికి తోడు రాజు గద్దెనెక్కి ఎన్నో ఏడు అన్నది విడిగా ఉంటుంది. హిజ్రీ అంకెను 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తుశకం ఇంచుమించుగా వస్తుంది. 1330 అని ఉంటే 1912 దగ్గరికి చేరతాం. ఉర్దూ చదవడం వచ్చిన సభ్యుడు ఒక్కడుంటే చాలు, ఆ అంకెలు ఒక సాయంత్రంలో అందరికీ పట్టుబడతాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం పుస్తకంతో కుదరదు.

తెల్లదొరల కాలపు నాణేల్లోనూ ఇలా చెబితేనే తెలిసే సంగతులు బోలెడు. విక్టోరియా రూపాయి మీద 1862 అని ఉంటే అది ఆ ఏడే కొట్టిందని అనుకోకూడదు. 1874 దాకా అదే తేదీ వేశారు. బొంబాయిలో కొట్టినవాటికి వెనకవైపు వేసిన చుక్కలు లెక్కపెట్టి అసలు ఏడాది పట్టుకోవాలి. అయిదో జార్జి 1911 రూపాయి మీద రాజు అంగీపై ఉన్న ఏనుగు పందిలా కనబడుతోందని జనం మండిపడితే మరుసటి ఏడాది బొమ్మ సరిదిద్దారు. 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లికాణీ ఇప్పటికీ చాలా ఇళ్లలో పోపులపెట్టె అడుగున ఉండే ఉంటుంది. దమ్మిడీ, కాణీ, అర్ధణా, అణా, బేడ, పావలా అంటూ మన పెద్దవాళ్లు లెక్క చెప్పిన నాణేలన్నీ ఒక వరసలో పేర్చి పిల్లలకు చూపించండి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి అరవై నాలుగు కాణీలన్న లెక్క వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

ఇక శుభ్రం చేయడం. నాణేల మీద జరిగే ఘోరాల్లో సగం ఇక్కడే జరుగుతాయి. రాగి చెంబు తోమినట్టు చింతపండు, బూడిద, నిమ్మచెక్క పట్టించి తళతళలాడిస్తారు. రాగి మీద వందల ఏళ్లుగా పట్టిన ముదురు పొర ఆ లోహానికి రక్షణ. దాన్ని గోకితే అక్షరాల అంచులు దానితోపాటే పోతాయి. మళ్లీ రావు. తోమిన నాణేన్ని ఏ సేకర్తా మంచి ధరకు కొనడు, అది వేరే సంగతి. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి కుంచెతో తట్టి, ఒత్తకుండా ఆరబెడితే చాలు. జిగురు అంటుకుంటే శుద్ధమైన అసిటోన్, అదీ గాలి ఆడే చోట, మంటకు దూరంగా. లేత ఆకుపచ్చ రంగులో పొడిలా రాలే చిలుము కనబడితే మాత్రం అది తినేసే జబ్బు. ఆ నాణేన్ని మిగతావాటినుంచి వెంటనే వేరుచేసి తెలిసినవాళ్లకు చూపించాలి. సీసం నాణేలను కొయ్య పెట్టెలో, మామూలు అట్టపెట్టెలో దాచకూడదు. వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పూసి పొడైపోతుంది. పీవీసీ కవర్లు కూడా కొన్నేళ్లకు నాణెం మీద పచ్చటి జిడ్డు వదులుతాయి. మైలార్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు చవకే, అవి కొనుక్కోండి. నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోవాలి. వేలి చెమట ముద్ర పడితే ఏళ్లు గడిచాక కూడా మచ్చగా కనబడుతుంది.

డబ్బు లేదని ఎవరూ వెనక్కి తగ్గనక్కర్లేదు. చేతిలో ఉన్న చిల్లరతోనే మొదలుపెట్టొచ్చు. ఏడాది అంకె కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం ఆకారం ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. హైదరాబాదు టంకశాల 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలై, 1903లో సైఫాబాదుకు మారి, 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చి, 1997లో చర్లపల్లికి చేరింది. పాత సైఫాబాదు భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లాల్సిన చోటు. ఎన్.టి. రామారావు శతజయంతికి 2023 ఆగస్టు 28న విడుదలైన వంద రూపాయల నాణెం ఈ హైదరాబాదు టంకశాలదే. ఒక్క రూపాయి నాణేన్ని ఏడాదివారీగా, నాలుగు టంకశాలలవారీగా కూర్చాలంటే చిల్లర కొట్లు, బస్సు కండక్టర్లు, గుడి హుండీ లెక్కించేవాళ్లు అందరితో స్నేహం చేయాల్సి వస్తుంది. ఒకరి దగ్గర రెండున్నది ఇంకొకరి దగ్గర ఉండదు. క్లబ్బులో మార్పిడి మొదలయ్యేది అక్కడే, రూపాయికి రూపాయే ఇచ్చి.

పది రూపాయల నాణేలను దొంగవని తిప్పికొట్టిన రోజులు మన రెండు రాష్ట్రాల్లో అందరికీ గుర్తే. కొన్నిటిమీద గీతలు పది, కొన్నిటిమీద పదిహేను, రూపాయి గుర్తు కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. పద్నాలుగు రకాల నమూనాలు వచ్చాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటించింది. ఆ పద్నాలుగూ ఒకే బోర్డు మీద అతికించి సంతలో నిలబడి చూపించగలిగిన వాడెవడైనా ఉంటే, వాడు నాణేలు సేకరించేవాడే.

మోసాల విషయానికి వస్తే క్లబ్బు నిజంగా కవచం. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయలకు లక్షలిస్తామని, ట్రాక్టర్ బొమ్మ ఉన్న నోటుకు ఇంకా ఎక్కువిస్తామని ఫోన్లో ఆశపెట్టి, ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు. కట్టినవాళ్లు ఆ డబ్బు మళ్లీ చూడరు. తమ పేరు వాడుకుని ఇలా రుసుములు, పన్నులు అడిగేవాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఇంకా పాపిష్టిది రైస్ పుల్లింగ్. బియ్యాన్ని లాగే మహిమ ఉందంటూ రాముడో హనుమంతుడో ఉన్న '1818 ఈస్టిండియా కంపెనీ అర్ధణా' చూపించి అమాయకుల దగ్గర లక్షలు గుంజుతారు. కంపెనీ అలాంటి అర్ధణా ఎన్నడూ కొట్టలేదు. కంపెనీ దేవుడి బొమ్మ వేసిన నాణేలు నిజంగా ఉన్నాయి, మద్రాసులో కొట్టిన వరహాల మీద విష్ణువు ఉన్నాడు. 1807-08 నాటి వెండి అరవరహా, పావువరహాల మీద విష్ణువు చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు కూడా ఉన్నాయి. ఆ అసలు నాణేన్ని ఒకసారి చేతిలో పట్టి చూసినవాడు ఆ కొత్త బిళ్లకు మోసపోడు.

దొంగ నాణెం పట్టడానికి కావలసిన సరంజామా కొద్దిదే. గ్రాములో వందో వంతు చూపే చిన్న కాటా, వెర్నియర్ కాలిపర్స్, పదిరెట్లు పెద్దది చేసే భూతద్దం, ఒక అయస్కాంతం. బ్రిటిషు వెండి రూపాయి తూకం 11.66 గ్రాములు, సరిగ్గా తులం. అరుగుదలకు కొద్దిగా తగ్గొచ్చు, పెరగకూడదు. వెండి అయస్కాంతానికి అంటదు. అదే పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి నికెల్‌ది, అది అంటాలి. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ముఖం మీద గాలిబుడగల గుంటలు కనబడతాయి. 1939 రూపాయి చాలా అరుదు కాబట్టి దానికి నకిలీలూ ఎక్కువే. ఎవరైనా చవకగా ఇస్తానంటే కొనకముందు క్లబ్బుకు పట్టుకురండి.

చట్టం గురించి కూడా క్లబ్బులు గట్టిగా చెప్పాలి. భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులే, వాటిని సొంతంగా దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న పిల్లలకు కానుకగా పంపుదామనుకునే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. లంకెబిందెల ఆశతో గుడి గర్భాలయాలు, పాత దిబ్బలు తవ్వేవాళ్లు చేసే నష్టం ఎంతటిదో నాణేలు ప్రేమించేవాడికి తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో, పల్నాడులోని వినుకొండలో దొరికిన రోమన్ నాణేలు మన నేలకూ రోముకూ నడిచిన వర్తకానికి సాక్ష్యాలుగా నిలిచాయంటే, అవి దొరికిన చోటు నమోదై ఉండబట్టే. రాత్రిపూట తవ్వి కరిగించిన కుండలో ఏముండేదో ఇక ఎప్పటికీ తెలియదు.

మీ ఇంట్లో పాత నాణేలుంటే తోమకండి, అమ్మకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. ఆ నాణేలు ఎవరి దగ్గరినుంచి వచ్చాయో, ఏ ఊళ్లో దొరికాయో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఇంట్లో ఉంటే ఈ వారమే వాళ్ల పక్కన కూర్చుని అడిగి, కాగితం మీద రాసి, నాణేలతో కలిపి ఉంచండి. తర్వాత మీ ఊళ్లోనో పక్క పట్నంలోనో ఉన్న నాణేల క్లబ్బుకు వాటిని ఒకసారి పట్టుకెళ్లి చూపించండి. క్లబ్బు లేకపోతే నలుగురు కలిసి ఒకటి మొదలుపెట్టండి, దానికి ఒక బల్ల, ఒక కాటా, ఒక భూతద్దం, ఒక నోటుపుస్తకం ఉంటే సరిపోతుంది.