ఖాళీ ప్యానెల్ వెనక పోగు

చిలకలూరిపేట చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో రింగ్ ఫ్రేమ్ నడవడం చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. పోగు తెగినా స్పిండిల్ తిరుగుతూనే ఉంటుంది. ఫ్రేముల మధ్య నడుస్తూ ఒక్కో స్పిండిల్‌నూ చూసుకుంటూ పోయేవాళ్లకే తెగిన చోటు దొరుకుతుంది. వెబ్ అప్లికేషన్లను కనిపెట్టుకుని ఉండే ప్రొమీథియస్ చేసేది కూడా ఇలాంటి గస్తీయే. 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, అప్లికేషన్ నుంచి కబురు వచ్చేదాకా కూర్చోదు. పెట్టిన వ్యవధికోసారి తానే వెళ్లి లెక్కలు అడిగి తెచ్చుకుంటుంది. దాన్నే స్క్రేప్ అంటారు. ఆ లెక్కలను గీతలుగా చూపించేది గ్రఫానా.

మా వీధిలో ఇంటి నుంచే ఉద్యోగం చేసే కుర్రాడు గ్రఫానాలో ఒక ఖాళీ ప్యానెల్‌ను బాగుచేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. సెకనుకు ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయో చూపాల్సిన చోట 'నో డేటా' అని ఉంది.

"సున్నా వేరు, ఇది వేరు బాబాయ్" అన్నాడు. సున్నా అంటే రిక్వెస్టులేవీ రాలేదన్న జవాబు. ఇక్కడ జవాబే లేదు.

ముందు గ్రఫానా పంపిన ప్రశ్నను, తిరిగొచ్చినదాన్ని విప్పి చూశాడు. ప్రశ్న చేరింది, తప్పేమీ లేదన్న స్పందనా వచ్చింది, లోపల మాత్రం ఏమీ లేదు. అంటే దారి బాగానే ఉంది. తర్వాత 'అప్' చూశాడు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. వెళ్లిన ప్రతిసారీ ప్రొమీథియస్ తన తరఫున ఒక అంకె రాసుకుంటుంది. అప్లికేషన్ పలికితే 1, పలకకపోతే 0. అవతల నోరు పెగలకపోయినా, పెగల్లేదన్న సంగతి చిట్టాకెక్కుతుంది. ఇక్కడ 1 ఉంది. రిక్వెస్టుల మొత్తాన్ని నేరుగా అడిగితే అదీ వచ్చింది, మెట్లుమెట్లుగా పైకి పోతూ.

అప్పుడు ప్యానెల్ కాలాన్ని గంట నుంచి వారానికి మార్చాడు. గీత ప్రత్యక్షమైంది. మళ్లీ గంటకు తెస్తే మాయం. నాకు అయోమయంగా అనిపించింది గానీ, అతని ముఖం విప్పారింది.

రిక్వెస్టుల లెక్క కరెంటు మీటరు లాంటిది, పెరుగుతూనే పోతుంది. వేగం కట్టే 'రేట్' ఫంక్షన్‌కు ఒక విండోలో, అంటే వెనక్కి చూసే కొంత సమయంలో, కనీసం రెండు రీడింగులు కావాలి. ఒక్క రీడింగుతో బిల్లు వెయ్యలేం కదా. ఆ విండోను చేత్తో రాయకుండా గ్రఫానాకే వదిలేస్తే, ఎంత ఉండాలో అదే లెక్కగడుతుంది, స్క్రేప్ వ్యవధికి నాలుగు రెట్లకు తగ్గకుండా. రెండు చాలినప్పుడు నాలుగెందుకు? ఒక గస్తీ తప్పిపోయినా, ఇంకొకటి ఆలస్యమైనా రెండు రీడింగులు చేతిలో మిగలాలని. ఆ ముందుచూపు తెలిశాక నాలుగు అనే చిన్న అంకె మీద నాకు గౌరవం కలిగింది.

అయితే స్క్రేప్ వ్యవధి ఎంతో మనం చెప్పకపోతే గ్రఫానా 15 సెకన్లు అనుకుంటుంది. నాలుగు పదిహేనులు ఒక నిమిషం. డిస్కు చోటు కలిసొస్తుందని వాళ్ల టీమ్ కొద్దివారాల కిందట వ్యవధిని 15 సెకన్ల నుంచి ఒక నిమిషానికి పెంచింది. గ్రఫానాలో ఆ సంగతి రాయలేదు. నిమిషానికో రీడింగు, విండో కూడా నిమిషమే, అందులో పడేది ఒక్కటే. వారం కాలం పెడితే స్క్రీన్ మీద ఒక్కో చుక్కకు చాలా నిమిషాలు వస్తాయి, దాంతో పాటే విండో సాగుతుంది, రీడింగులు సరిపడా దొరుకుతాయి. గీత అందుకే కనిపించింది.

డేటా సోర్స్ పేజీలో స్క్రేప్ వ్యవధి గడిలో ఒక నిమిషం అని రాసి సేవ్ చేశాడు. దాంతో విండో నాలుగు నిమిషాలైంది. గంట ప్యానెల్‌లో గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చేసింది. రీడింగులన్నీ మొదట్నుంచీ ప్రొమీథియస్ దగ్గర భద్రంగానే ఉన్నాయి.

కుర్రాడు లేవలేదు. విండోను చేత్తో ఒక నిమిషమని రాసిన పాత ప్యానెళ్లు ఇంకేమైనా ఉన్నాయేమోనని ఒక్కొక్కటే తెరిచి చూడటం మొదలుపెట్టాడు.