దుప్పటి తగలనివ్వని కాళ్లు

మూడేళ్ల కిందట చలికాలంలో మొదలైంది. పడుకోగానే అరికాళ్లలో మంట, చీమలు పాకినట్టు తిమ్మిరి, ఉన్నట్టుండి సూది దిగినట్టు పోటు. పల్చటి దుప్పటి తగిలినా ఓర్చుకోలేక, ఒళ్లంతా కప్పుకుని పాదాలు మాత్రం బయట పెట్టి పడుకునేదాన్ని.

షుగరు లేదు. థైరాయిడ్, బీ12 బాగానే ఉన్నాయి. నెర్వ్ కండక్షన్ పరీక్షా నార్మలే. 'ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి' అన్నారు మొదటి డాక్టరుగారు. ఏమీ లేకపోతే ఈ మంట ఎక్కడిది?

రెండో డాక్టరుగారు విడమరిచి చెప్పారు. ఆ పరీక్షకు అందేవి లావు నరాలే. నొప్పినీ వేడినీ మోసే సన్నటి పోగులు దానికి చిక్కవు. కాలి మీద 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి పరీక్షకు పంపారు. పోగులు పల్చబడ్డాయని రిపోర్టు వచ్చింది. కారణం మాత్రం తేలలేదు. చాలామందికి తేలదని ఆయన ముందే చెప్పారు. అయినా ఆ కాగితం పట్టుకుని ఏడ్చాను. నా మాట ఒకరు నమ్మారు.

మందుల షాపులో అడిగి కొనుక్కున్న 'నరాల బలం' మాత్రలు వెంటనే ఆపించారు. వాటిలోని బీ6 పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే నరాలనే పాడుచేస్తుంది. ఇది అందరికీ తెలియాలి.

ఆయన దగ్గరికి వెళ్లకముందు నరాల నొప్పికి ప్రీగాబలిన్ 75 మిల్లీగ్రాముల మాత్ర పూటకొకటి వేసుకున్నాను. మంట తగ్గింది కానీ బడిలో పాఠం చెబుతూ బోర్డు దగ్గర తూలిపోయాను. పాదాలు వాచి చెప్పు పట్టీ గాడి పడింది. విసుగొచ్చి ఒక్కసారే మానేశాను. అది నా తప్పు. మూడు రాత్రులు చెమటలు, నిద్ర లేదు. ఈ మందుల్ని మెట్టుమెట్టుగా దిగాలి తప్ప దూకకూడదు.

ఈసారి ఈసీజీ తీసి, అమిట్రిప్టిలిన్ 10 రాసిచ్చారు. డిప్రెషన్ కోసం వచ్చిన పాత మందు, నరాల నొప్పికి డిప్రెషన్‌కి ఇచ్చేదానికన్నా తక్కువ మోతాదులోనే పనిచేస్తుంది. పడుకునేటప్పుడు వేసుకుంటే పొద్దున్న మొదటి పీరియడ్ దాకా మత్తు వదిలేది కాదు. ఎనిమిదింటికే వేసుకోమన్నారు, అది కుదిరింది. రెండు వారాలు ఏ తేడా లేదు. 20కి పెంచాక ఆరో వారంలో మంట సద్దుమణిగింది. 30 చేస్తే నోరు పిడచకట్టుకుపోయింది, మలబద్ధకం. మళ్లీ 20కి దిగాం.

ఇదంతా గుర్తుండటానికి వంద పేజీల నోటుబుక్కు పెట్టుకున్నాను. మోతాదు, వేసుకున్న టైము, పదికి మంట ఎంత, నిద్ర ఎన్ని గంటలు. డాక్టరుగారు నా మొహం కన్నా ముందు ఆ పుస్తకమే అడుగుతారు. 'తగ్గిందా?' అంటే ఏం చెప్పను? ఏడు నాలుగైందని చెప్పగలను. నాలుగుతో పాఠం చెప్పగలను, కూర వండగలను.

నిన్నటి పేజీలో ఇలా రాశాను: 20, ఎనిమిదింటికి. మంట నాలుగు. నిద్ర ఐదున్నర గంటలు. తెల్లారి చూస్తే దుప్పటి పాదాల మీదే ఉంది.